ఒక్కనాటి పురుగు – నది ఊపిరి

తొలకరి జల్లు కురిసిన సాయంకాలం ఇంట్లో దీపం పెట్టగానే ఉసుళ్లు మూగుతాయి. కాసేపు ఎగిరి, రెక్కలు రాల్చి, నేలమీద ప్రాకి, తెల్లవారేసరికి చీపురుకు పనిగా మిగులుతాయి. వాటి అల్పాయుష్షును చూపి పెద్దలు వేదాంతం చెప్పినారు. పిల్లలు వేడుక చూచినారు. కొన్ని ఊళ్లలో వేయించుకొని తిన్నారు కూడా. ఉసుళ్లు పుట్టలోనుంచి వచ్చేవి. వాటివలెనే తండోపతండాలుగా లేచి, వాటివలెనే దీపాలమీద పడి చచ్చే పురుగు మరొకటి ఉన్నది. అది నీటిలోనుంచి వచ్చేది. ఈ ప్రసంగం దానిని గురించి.

గ్రీకులు దానికి ‘ఎఫెమెరోన్’ అని పేరు పెట్టినారు. ఒక్క పగటి ప్రాణి అని అర్థం. క్రీస్తుకు పూర్వం నాలుగవ శతాబ్దిలో అరిస్టాటిల్ తన జంతుశాస్త్ర గ్రంథంలో దీనిని ప్రస్తావించినాడు. నడివేసవి దినాలలో హిపానిస్ అనే నదిలో ద్రాక్షపండుకంటె పెద్దవైన సంచులవంటివి కొట్టుకొని వస్తాయనీ, అవి పగిలి రెక్కల పురుగులు వెలువడతాయనీ, సాయంకాలందాకా ఎగిరి సూర్యుడు క్రుంకగానే చనిపోతాయనీ వ్రాసినాడు. దానికి కాళ్లు నాలుగే అని కూడా వ్రాసినాడు. నిజానికి ఆరు. ముందరి రెంటిని ముందుకు చాచి ఉంచుతుంది కనుక ఆ మహనీయుడు లెక్క తప్పి ఉండవచ్చును. ఇంగ్లీషువారు దీనిని మేఫ్లై అంటారు. తెలుగులో జనం నోట నలిగిన పేరు లేదు గనుక ఒక్కనాటి పురుగు అనే పిలుస్తాను.

పేరు ఒక్కనాటిదే గాని ఆ పేరులో కొంత అన్యాయం ఉన్నది. గాలిలో అది బ్రతికేది కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో. అంతకు ముందు జాతినిబట్టి కొన్ని నెలలు మొదలు మూడు సంవత్సరాలవరకు నీటి అడుగున, రాళ్లక్రిందనో బురదలోనో బ్రతుకుతుంది. రెక్కలు వచ్చిన తరువాత దానికి పనిచేసే నోరే ఉండదు. తినడం, పెరగడం అంతా నీటిలోనే ముగిసిపోయినది. రెండువేల ఏండ్లపాటు మనుష్యులు ఆ ఒక్క సాయంకాలాన్ని చూచి కవిత్వం చెప్పినారు. మిగిలిన మూడేండ్ల సంగతి ఎవరికీ పట్టలేదు.

ఆ మూడేండ్లలోకి తొంగిచూచినవారిలో ముందుగా చెప్పుకొనవలసినవాడు హాలండు దేశీయుడు యాన్ స్వామర్‌డామ్. 1637లో ఆంస్టర్‌డాములో ఒక మందుల వర్తకుని యింట పుట్టినాడు. 1667లో లైడెన్ విశ్వవిద్యాలయంలో వైద్యపట్టం పుచ్చుకొన్నాడు. కాని రోగుల నాడి చూడడానికి మారుగా పురుగుల పొట్టలు కోసి చూడడం ప్రారంభించినాడు. కన్నతండ్రికి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు, డబ్బు ఇవ్వనన్నాడు. కొడుకు మానలేదు. రైన్ నది సముద్రంలో కలిసేచోట, పాయలుగా చీలిన ఆ డెల్టా నేలలో, జూన్ నెలలో కొద్దిరోజులపాటు పెద్ద ఒక్కనాటి పురుగులు నీటిమీద మేఘంవలె లేచేవి. అక్కడి బెస్తలు దానిని ‘ఒడ్డు ఎర’ అనేవారు. చేపలకు అంతకంటె మంచి ఎర లేదు. స్వామర్‌డామ్ ఒడ్డున బంకమట్టిలో అవి తొలుచుకొన్న బొరియలు చూచినాడు, పిల్లపురుగులను తీసి సూక్ష్మదర్శినిక్రింద విప్పినాడు, ఒంటికి ఇరుప్రక్కల ఉన్న కుచ్చులవంటి మొప్పలను బొమ్మ గీసినాడు. 1675లో ‘ఒక్కనాటి పురుగు జీవితం’ అనే పేరుతో పుస్తకం అచ్చువేసినాడు. ఆ పుస్తకంలో శాస్త్రం ఎంత ఉన్నదో భక్తి అంత ఉన్నది. మనుష్యుని బ్రతుకు కూడ ఇట్టిదే గదా అని అడుగడుగునా నిట్టూర్పులున్నవి. 1680లో, నలభైమూడేండ్ల వయస్సున, ఆయనయే చనిపోయినాడు.

స్వామర్‌డామ్ మొప్పలను చూచినాడు గాని అవి నీటిలోనుంచి దేనిని గ్రహిస్తున్నవో చెప్పగల స్థితి ఆనాడు లేదు. ప్రాణవాయువును మనుష్యులు కనుగొన్నది ఆయన తరువాత దాదాపు నూరేండ్లకు. స్వీడనులో షీలే, ఇంగ్లండులో 1774లో ప్రీస్ట్లీ దానిని విడదీసినారు. ఫ్రాన్సులో లవోయిజియే దాని స్వభావం నిర్ణయించి పేరు పెట్టినాడు. మన పాఠ్యగ్రంథాలలో అది చాలకాలం ఆమ్లజని అయినది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పవలెను. లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటుంది. 20 డిగ్రీల వేడి గల లీటరు మంచినీటిలో, గాలితో బాగా కలిసినప్పుడు, కరిగి ఉండేది 9 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా మనకు దొరికేదానిలో ముప్పదవ వంతు. ఘనీభవించేంత చల్లని నీటిలో అది 14.6, మన వేసవి చెరువులోవలె 30 డిగ్రీలకు చేరిన నీటిలో 7.5. ఇందులో పురుగుకు రెండువిధాల కష్టం. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఊపిరి తగ్గుతుంది. అదే సమయంలో ఒంట్లో జీవక్రియలు వేగమై ఊపిరి ఎక్కువ కావలసివస్తుంది. రాబడి తగ్గిన నెలలోనే ఖర్చు పెరిగిన సంసారం వంటిది.

కొండవాగులో పుట్టిన పురుగులకు ఈ సంగతి ఎన్నడూ తెలియదు. రాళ్లమీద దూకి నురుగు కట్టే నీరు గాలిని తనలో కలుపుకొంటూనే ఉంటుంది. అంతేగాక, ప్రవాహం పురుగు ఒంటిని అంటుకొన్న పలుచని నీటిపొరను క్షణక్షణం తుడిచివేసి క్రొత్త నీటిని మొప్పలకు అందిస్తుంది. ఆ వసతికి అలవాటుపడిన జాతులు తాముగా ఊపిరికై శ్రమపడడం మరచిపోయినవి. ఒక్కనాటి పురుగు పిల్లలలో కొన్నింటికి మొప్పలను విసనకర్రవలె ఆడించుకొనే శక్తి ఉన్నది. కొన్నింటికి అదీ లేదు, అవి ప్రవాహంమీదనే ఆధారపడినవి. వాగులలోనే ఉండే మరొక జాతి, ఇంగ్లీషువారు రాతి ఈగ అనేది, ప్రాణవాయువు తగ్గగానే కాళ్లమీద పైకి లేచి క్రిందికి వంగుతూ, వ్యాయామశాలలో దండీలు తీసే పిల్లవానివలె ఆడుతుంది. చూచేవారికి నవ్వు వస్తుంది. అది ఊపిరాడక చేసే పని.

ఇంకా తగ్గితే అవి వెంటనే చావవు. మొదట తిండి తగ్గిస్తాయి. పెరుగుదల మందగిస్తుంది. రాతిక్రింద దాగి ఉండవలసినవి ఊపిరికోసం రాతిపైకి వస్తాయి, చేప నోటిలో పడతాయి. లేదా పట్టు వదలి ప్రవాహంతో కొట్టుకొనిపోతాయి. అన్నిటికంటె గడ్డుసమయం కుబుసం విడిచే వేళ. ఒంటిలోని శ్వాసనాళాల లోపలిపొరను సైతం అప్పుడు పురుగు వదలుకొనవలెను. మామూలు దినాన సరిపోయిన ప్రాణవాయువు ఆ గంటలో సరిపోదు. అందువలన రెక్కలు వచ్చే ముహూర్తాననే చచ్చిపోవడం ఉన్నది.

దీనికి విరుద్ధంగా మురుగునీటిలో సుఖంగా ఉండేవి కొన్ని ఉన్నవి. మురికి కాలువలలో కదలాడే ఎర్రని సన్నని పురుగులను అందరూ చూచే ఉంటారు. వాటిలో కొన్ని కైరోనమస్ అనే చిన్న ఈగ పిల్లలు. ఆ ఎరుపు మన నెత్తుటిలోని ఎరుపు జాతిదే. దానితో అవి నీటిలో మిగిలిన కొద్దిపాటి ప్రాణవాయువునూ పట్టి దాచుకోగలవు. మరికొన్ని ఈగల పిల్లలు తోకనే గొట్టంగా చేసి నీటిపైకి చాచి గాలి పీలుస్తాయి. నదిలో రాతి ఈగ పోయి, ఒక్కనాటి పురుగు పోయి, ఎర్రపురుగు ఒక్కటే మిగిలినదంటే ఆ నదికి ఏమి జరిగినదో చెప్పడానికి వేరే సాక్షి అక్కరలేదు.

అయితే ఈ సాక్ష్యాన్ని లోకం అంగీకరించడానికి ముందు కొలత ఒకటి కావలసివచ్చినది. దానిని ఇచ్చినవాడు బుడాపెస్టులోని లాయోష్ వింక్లర్ అనే యువకుడు. 1888లో, తన 25వ ఏట, నీటిలో కరిగిన ప్రాణవాయువును కొలిచే పద్ధతిని ప్రకటించినాడు. సీసానిండా, గాలిబుడగ లేకుండా నీరు పట్టి, అందులో మాంగనీసు లవణాన్నీ, అయొడైడు కలిపిన క్షారాన్నీ చేరుస్తారు. ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకుంటే తెల్లని మడ్డి. ఆపైన ఆమ్లం పోస్తే ఉన్న ప్రాణవాయువుకు సరియైనంత అయొడిన్ విడుదల అవుతుంది. గంజి చుక్క వేస్తే నీలం రంగు వస్తుంది. ఆ నీలం విరిగేదాకా థయోసల్ఫేటు ద్రావణాన్ని బొట్టుబొట్టుగా వదలి లెక్క కడతారు. నది ఒడ్డున చెట్టుక్రింద కూర్చుండి చేయగల పని. విద్యుత్ పరికరాలు ఎన్ని వచ్చినా వాటి మంచిచెడులను సరిచూచుకొనడానికి వింక్లరు సీసాను ఇప్పటికీ వాడుతున్నారు.

సీసా చేతికి వచ్చిన తరువాత నదుల కథ బయటపడినది. పట్టణపు మురుగు నదిలో కలియగానే ప్రాణవాయువు పడిపోదు. మురుగులోని సూక్ష్మజీవులు మలినాన్ని తింటూ, తినేకొద్దీ ప్రాణవాయువును వాడుకొంటూ, ప్రవాహంతో దిగువకు పోతాయి. అందుచేత అతి హీనమైన తావు కాలువ కలిసేచోట గాక, అక్కడికి ఎన్నో మైళ్ల దిగువన ఉంటుంది. పైవారు చేసినదానికి దిగువవారు ఊపిరి చెల్లిస్తారు. అమెరికాలో ఒహాయో నదిమీద ఈ పల్లాన్ని స్ట్రీటర్, ఫెల్ప్స్ అనేవారు 1925లో గణితసూత్రంగా కట్టినారు. అంతకు ముందే ఇంగ్లండులో 1898లో ఏర్పడిన మురుగునీటి రాజసంఘం, 1912లో తన ఎనిమిదవ నివేదికలో, ఐదు రోజులలో నీరు ఎంత ప్రాణవాయువును హరిస్తుందో చూచి మురుగును తూచవలెనని నిర్ణయించినది. ఇంగ్లండు నదులు ఐదు రోజులలో సముద్రాన్ని చేరుతాయి గనుక ఆ గడువు పెట్టినారని ఒక మాట వాడుకలో ఉన్నది. అదే ఐదురోజుల పరీక్షను వేయిమైళ్లు పారే నదులు గల దేశాలు కూడ అరువు తెచ్చుకొన్నవి.

జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ అనే ఇద్దరు పండితులు వేరు మార్గం త్రొక్కినారు. 1902లో ప్రారంభించి, 1908, 1909 సంవత్సరాలలో మొక్కలకు, జంతువులకు వేర్వేరుగా పట్టికలు ప్రకటించినారు: ఏ జీవి ఎంత మలినమైన నీటిలో బ్రతుకుతుందో చెప్పే పట్టికలు. రసాయనవేత్తలకు ఇది మొదట రుచించలేదు. పురుగులను లెక్కపెట్టడం శాస్త్రమా అన్నవారున్నారు. కాని సీసాకు ఒక లోపం ఉన్నది. అది ముంచిన క్షణపు సంగతే చెప్పుతుంది. కొలిచే ఉద్యోగి కాఫీ త్రాగి పదిగంటలకు నది ఒడ్డుకు వస్తాడు. ఎండ వచ్చినది, నాచు ప్రాణవాయువును వదలుతున్నది, లెక్క బాగానే కనబడుతుంది. రాత్రి అదే నాచు, అదే సూక్ష్మజీవులు ప్రాణవాయువును పీల్చుకొంటాయి. నదికి గండం బ్రాహ్మీముహూర్తాన. ఆ వేళ సీసాలేదు, పురుగు ఉన్నది.

మన కృష్ణా, పశ్చిమగోదావరి జిల్లాల చేపల చెరువులవారికి ఇది ఎవరూ చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున చేపలు మూతులు పైకెత్తి నీటిమీద గ్రుక్కలు మింగడం చూచినవాడు మరునాటి రాత్రి ఏరేటరు చక్రాలు ఆపడు. చేప పైకి వచ్చి చెప్పగలదు. బురదలోని పురుగు చెప్పలేదు.

ఇంగ్లండులో 1960లో హైన్స్ అనే జీవశాస్త్రజ్ఞుడు మలిన జలాల జీవశాస్త్రాన్ని గురించి వెలువరించిన గ్రంథం ఈ విద్యకు గౌరవం తెచ్చినది. 1964లో ట్రెంట్ నదిమీద పనిచేస్తున్న ఉడివిస్, ఏ పురుగులు ఉన్నవి, ఏవి లేవు అన్నదానినిబట్టి వాగుకు సున్న మొదలు పదివరకు మార్కులు వేసే పద్ధతి కట్టినాడు. రాతి ఈగలుంటే పై మార్కులు. అవి పోయి ఒక్కనాటి పురుగులు మిగిలితే కొంచెం తక్కువ. చివరకు ఎర్రపురుగులు, వానపామును పోలిన సన్నని బురదపురుగులు మాత్రమే ఉంటే అడుగు మార్కులు. వాటివెనుక ఉన్న తర్కం ఒక్కటే: మూడు నెలల క్రితం ఒక్క రాత్రి ఊపిరి ఆగి ఉంటే, నేటి సీసాకు తెలియదు, నేటి రాతిక్రింద ఖాళీకి తెలుసు.

ఆ ఒక్క రాత్రి మాట అతిశయోక్తి కాదని చూపిన ఉదంతం నదిలో గాక సరస్సులో జరిగినది. విషయానికి ముఖ్యం గనుక దారి తప్పినా చెప్పుతాను. అమెరికా, కెనడా దేశాల నడుమ ఉన్న ఈరీ సరస్సు పడమటి భాగం లోతులేనిది. సగటున ఏడెనిమిది మీటర్లు. అందులో బురదలో తొలుచుకొని ఉండే ఒక్కనాటి పురుగులు ప్రతి వేసవిలోను ఒడ్డు ఊళ్లమీద పడేవి. వీధిదీపాలక్రింద కుప్పలు పడితే పారలతో ఎత్తిపోసేవారు; అవి నలిగి బాటలు జారేవి. జనం విసుగుకొనేవారు. అంత తక్కువ లోతు నీటిని గాలి ఎప్పుడూ కలయబెడుతూ ఉంటుంది గనుక అడుగుకు ఊపిరి అందేది. 1953 ఆగస్టు చివర ఎండలు మండినవి, గాలి స్తంభించినది. వేడినీరు పైన, చల్లనినీరు క్రింద, రెండు పొరలుగా విడిపోయినవి. అడుగు బురదలో కుళ్లే మలినం ఆ క్రిందిపొరలోని ప్రాణవాయువును కొద్దిరోజులలో హరించినది. సెప్టెంబరు మొదటివారంలో అక్కడి పరిశోధనశాలకు చెందిన విల్సన్ బ్రిట్ అడుగు మట్టిని పైకి తీసి చూస్తే చచ్చిన పిల్లపురుగులు గుట్టలుగా వచ్చినవి. ఎన్నో తరాలుగా నిండి ఉన్న జాతి ఒక్క వారంలో చాలవరకు తుడిచిపెట్టుకొనిపోయినది. మరుసటి సంవత్సరం కొంత తేరుకొన్నట్లు కనిపించినా అట్టి వారాలు మళ్లీ వచ్చినవి. పది సంవత్సరాలు తిరగకముందే ఆ పురుగు ఆ నీటిలో దాదాపు లేకుండా పోయినది. వీధులు శుభ్రమైనవి. విసుగుకొన్నవారిలో ఎందరు అది మంచిశకునమనుకొన్నారో!

1972లో రెండు దేశాలు ఒడంబడిక చేసికొని, నాచును పెంచే భాస్వరాన్ని సరస్సులోనికి వదలడం తగ్గించుకొన్నవి. 1990 తరువాతి తొలి సంవత్సరాలలో పురుగులు తిరిగి వచ్చినవి. వాన మబ్బులను చూచే రాడారు తెరమీద వాటి గుంపులు మబ్బులవలె కనిపించేటంత పెరిగినవి. కాని 2012 తరువాత మళ్లీ సగానికి పైగా తగ్గినవని ఆ రాడారు లెక్కలనే పరిశీలించినవారు 2020లో ప్రకటించినారు.

ఇప్పుడు తిరిగి స్వామర్‌డామ్ నదికి పోదాము. ఆయన బొమ్మ గీసిన పెద్ద పురుగు ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలోనే రైన్ డెల్టా నుంచి మాయమైనది. దోషం ప్రాణవాయువుదొక్కటే అనడం న్యాయం కాదు. నదిని ఓడలకు అనువుగా తిన్నగా చేసి, ఒడ్డులకు రాళ్లు పేర్చినారు. బంకమట్టి లేనిచోట బొరియ ఎక్కడ? దానికి తోడు గనుల, కర్మాగారాల, నగరాల మురుగు. ఆగస్టు రాత్రులలో దీపాలచుట్టూ దూది ఏకినట్లు తెల్లగా ఎగిరే మరొక జాతి కూడ తరువాత కొన్ని దశాబ్దాలకు కనుమరుగైనది. 1950లో ఒడ్డు దేశాలు కలిసి రైన్ రక్షణ సంఘం పెట్టుకొన్నవి. 1963లో ఒప్పందం వ్రాసికొన్నవి. సంఘం కొలతలు చాలకాలం జరిగినవి, పనులు ఆలస్యంగా జరిగినవి. 1971 నాటికి దిగువ రైన్ నదిలో ప్రాణవాయువు అతిహీన స్థితికి చేరినది. ఆ తరువాత పట్టణాలవెంట మురుగును శుద్ధిచేసే కేంద్రాలు కట్టినారు. ప్రాణవాయువు క్రమంగా పెరిగినది. 1986 నవంబరు 1న బాసెల్ దగ్గర రసాయనాల గిడ్డంగి అంటుకొని, ఆర్పిన నీరు నదిలో కలిసి, లక్షకు పైగా ఆరా చేపలు చచ్చిన తరువాత మరుసటి యేట గట్టి కార్యక్రమం పెట్టుకొన్నారు. 1991లో, అర్ధశతాబ్దం తరువాత, ఆ తెల్లని పురుగులు హాలండులోని రైన్ మీద తిరిగి లేచినవి. పిలిచినవారు లేరు. నీటిలో ఊపిరి నిలిచినది, అవి వచ్చినవి.

స్వామర్‌డామ్ చూచిన పెద్దది మాత్రం వాటితో పాటు రాలేదు. దానిని చూడవలెనంటే వింక్లరు దేశానికే పోవలెను. హంగరీలో తిసా నది ఉన్నది. జూన్ నెల నడుమ, ఎండ వాలే వేళ, మూడేండ్లు ఒడ్డు బంకమట్టిలో బ్రతికిన పురుగులు ఒక్కసారిగా నీటిమీదికి వస్తాయి. తిసా పూచినదంటారు అక్కడివారు. చూడడానికి దూరపుటూళ్లనుంచి వచ్చి పడవలలో కూర్చుంటారు. మగవి ఒడ్డుకు పోయి చివరి కుబుసం విడిచి తిరిగి వస్తాయి. జత కూడిన ఆడవి నీటికి పైన ఎదురు ప్రవాహంవైపు మైళ్లకొలది ఎగురుతాయి. గ్రుడ్లు దిగువకు కొట్టుకొనిపోతాయి గనుక ఎగువకు పోయి పెట్టవలెను. చీకటి పడేసరికి నదిమీద రెక్కలు తేలుతూ ఉంటాయి. గ్రుడ్లు నీటి అడుగుకు దిగుతాయి. వాటినుంచి వచ్చేవి మళ్లీ వెలుతురు చూడడానికి మూడేండ్లు పడుతుంది. ఆ మూడేండ్ల రాత్రులు అవి నీటినే పీల్చవలెను.